ఒకే ల్యాప్‌టాప్‌లో తాతయ్య విండోస్, మనవరాలి లినక్స్

మా ఫ్లాటు బాల్కనీలో నిలబడితే సంత్రాగాఛి స్టేషను మైకు వినిపిస్తుంది. బదిలీ మీద ఇటు వచ్చి రెండేళ్లయింది. చలికాలం మొదలవగానే స్టేషను పక్కనున్న ఝీల్‌లో వలస పక్షులు దిగుతాయి. ఆదివారం పొద్దున్నే మా నాన్నగారు, మా అమ్మాయి కలిసి వాటిని చూడ్డానికి వెళ్తారు. తాతా మనవరాళ్లకు అన్నిట్లోనూ పొత్తే, ఒక్క ల్యాప్‌టాప్ దగ్గర తప్ప.

నాన్నగారు తెనాలి దగ్గర హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. అమ్మ పోయాక మా దగ్గరే ఉంటున్నారు. మా ఊరి చరిత్ర రాయాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది. ఇరవై ఏళ్లుగా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో, రెండు వేళ్లతో టైపు చేస్తూ నాలుగు వందల పేజీలు దాటించారు. అవి తెరవాలంటే విండోసే కావాలి. మా అమ్మాయి బీటెక్ రెండో ఏడు. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబు మొత్తం లినక్స్ మీదే. తాతయ్యది ఒక పట్టు, మనవరాలిది ఇంకో పట్టు. ఇంట్లో ఉన్నది ఒక్క ల్యాప్‌టాప్: 2017లో కొన్నది, ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, తర్వాత మార్పించిన 500 జీబీ ఎస్‌ఎస్‌డీ.

ఈలోగా మైక్రోసాఫ్ట్ వారు 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆపేశారు. విండోస్ 11కి వెళ్దామంటే దానికి టీపీఎం 2.0 భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైన ఉండాలి. మాది ఒక్క మెట్టు కింద ఆగిపోయింది. "కొత్తది కొనేస్తే పోలా?" అంది మా ఆవిడ. ఇంటి లోను వాయిదా, కాలేజీ ఫీజు ఒకే నెలలో పడినప్పుడు ఆ ప్రశ్నకు జవాబు మన స్టాఫ్ కుటుంబాలకు నేను చెప్పక్కర్లేదు. పైగా కొత్తది కొన్నా పాతదాన్ని నాన్నగారు వాడటం మానరు, దాంట్లోనే పెన్షను ఖాతా చూసుకోవడమూ మానరు. అసలు చిక్కు అక్కడే ఉంది.

మద్దతు ఆగడమంటే కంప్యూటరు పనిచేయడం ఆగిపోతుందని కాదు. రేపు దాంట్లో కొత్త లొసుగు బయటపడితే పూడ్చే నాథుడు ఉండడని అర్థం. మన ఏటీఎంల అనుభవమే చూడండి. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న మద్దతు ముగిసింది. ఆ తర్వాత కూడా చాలా ఏటీఎంలు దాని మీదే నడుస్తుంటే, మద్దతున్న సిస్టమ్‌కి దశలవారీగా మారాలని 2018 జూన్‌లో రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ గడువులు పెట్టింది. చివరి గడువు 2019 జూన్. డబ్బు ఇచ్చే యంత్రానికి పనికిరాదన్నది, పెన్షను ఖాతా తెరిచే ల్యాప్‌టాప్‌కు మాత్రం ఎలా పనికొస్తుంది? విండోస్ 10 వాడే ఇళ్లకు 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం ఉంది. మేమూ నమోదు చేసుకున్నాం. అది ఒక్క ఏడాది ఊపిరి, అంతే.

అందుకని ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టుకున్నాం. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు. మా స్టేషను ఉదాహరణతో చెబుతాను. ఖరగ్‌పూర్ వైపు నుంచి వచ్చే బండి సంత్రాగాఛి దాటాక రామరాజాతల మీదుగా హౌరాకు వెళ్లొచ్చు, లేదా పద్మపుకుర్ మీదుగా షాలిమార్‌కు మళ్లొచ్చు. పట్టాల దగ్గర పాయింటు ఎటు మారిస్తే బండి అటు. ఒకేసారి రెండు దారుల్లో మాత్రం వెళ్లలేదు. డ్యూయల్ బూట్ కూడా అంతే. స్విచ్ వేయగానే గ్రబ్ అనే చిన్న ప్రోగ్రాము ఎటు వెళ్తారని అడుగుతుంది. విండోస్ అంటే ప్రాసెసర్, ర్యామ్, స్క్రీను అన్నీ విండోస్‌వి. లినక్స్ అంటే అన్నీ లినక్స్‌వి. డిస్కులో మాత్రం ఎవరి గది వారిదే. ఒకటి నడుస్తున్నప్పుడు రెండోది నిద్రపోతుంది కాబట్టి 8 జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రం కూడా రెండింటినీ హాయిగా మోస్తుంది.

వేరే దారులు లేకపోలేదు. విండోస్ లోపలే ఒక కిటికీలో లినక్స్‌ను నడిపే వర్చువల్ మెషీన్ ఉంది. కానీ అప్పుడు ఉన్న ర్యామ్‌ను ఇద్దరూ పంచుకోవాలి, మా 8 జీబీతో ఇద్దరూ అర్ధాకలితో ఉంటారు. విండోస్‌లోనే లినక్స్ ఆదేశాలు నేర్చుకునే డబ్ల్యూఎస్‌ఎల్ అనే ఏర్పాటు కూడా ఉంది. మీ పిల్లలకు ల్యాబు అభ్యాసం వరకే కావాలి, మీ కంప్యూటరులో విండోస్ 11 బాగానే నడుస్తోంది అనుకుంటే డబ్ల్యూఎస్‌ఎల్ చాలు, ఈ వ్యాసంలో మిగతాది సరదాగా చదివేయండి. మాకు మాత్రం ఇంటర్నెట్ పనులన్నీ మద్దతున్న సిస్టమ్‌లోకి మారాలి, పాత ఫైళ్లు పాత విండోస్‌లో క్షేమంగా ఉండాలి. దానికి రెండు వేర్వేరు గదులే సరి.

డూప్లికేట్ తాళం సంగతి

నవంబరు రెండో శనివారం, బ్యాంకుకు సెలవు. పొద్దున్న కాఫీ తాగి నేనూ అమ్మాయీ కూర్చున్నాం. ఎంబీఏలో 'మార్పు నిర్వహణ' అని ఒక పేపరు మంచి మార్కులతో పాసైనవాణ్ని. ల్యాప్‌టాప్‌లో లినక్స్ పెట్టాలంటే ముందు సెక్యూర్ బూట్ ఆపేయాలని ఎప్పుడో పాతకాలం పద్ధతి విని ఉన్నాను. స్విచ్ వేసి, సెటప్ స్క్రీన్లోకి వెళ్లి, దాన్ని ఆపేశాను. సరిగ్గా ఉందో లేదో చూద్దామని ఒకసారి విండోస్ తెరిచాను.

విండోస్ రాలేదు. నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ ఇవ్వమని అడిగింది.

మా ల్యాప్‌టాప్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందన్న సంగతే నాకు తెలియదు. అంటే డిస్కులో ఉన్నదంతా తాళం వేసి ఉంది. తాళంచెవి టీపీఎం చిప్ దగ్గర ఉంటుంది. సెక్యూర్ బూట్ స్థితి మారగానే ఆ చిప్‌కు అనుమానం వచ్చింది, తాళంచెవి ఇవ్వనంది. కాపలా మనిషి తన పని తాను చేశాడు. రికవరీ కీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో దాచి ఉంటుంది. ఆ అకౌంటు 2017లో నాన్నగారి తెనాలి ఫోను నంబరుతో తెరిచింది, ఆ నంబరు వదిలేసి అయిదేళ్లయింది. పాస్‌వర్డు ఎవరికీ గుర్తులేదు.

నాన్నగారు వెనకే నిలబడి ఉన్నారు. "ఏరా, నా పుస్తకం ఉందా, పోయిందా?" అన్నారు. గొంతులో కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది. ఆ నాలుగు వందల పేజీలకు ఇంకో కాపీ ఎక్కడా లేదు. ఊళ్లో ఆయన అడిగి రాసుకున్న పెద్దవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. రోజూ ఖాతాదారులకు నామినేషన్ ఇచ్చారా, లాకరు ఒప్పందం చూసుకున్నారా అని చెప్పే మనిషిని, ఇంట్లో ఒక పెన్‌డ్రైవ్ కాపీ కూడా తీయలేదు.

కాసేపటికి మా అమ్మాయే అంది: "నాన్నా, నువ్వు మార్చింది ఒక్కటే కదా. దాన్ని మళ్లీ ఎలా ఉండేదో అలా పెట్టేసేయ్." సెటప్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేశాను. విండోస్ మామూలుగా తెరుచుకుంది. చిప్‌కు పాత స్థితి కనపడింది, తాళంచెవి ఇచ్చింది. మా అదృష్టం, కంగారులో అటూ ఇటూ ఇంకేవీ నొక్కకపోవడం.

ఆ రోజుకు లినక్స్ సంగతి పక్కన పెట్టేశాం. మన బ్రాంచీలో స్ట్రాంగ్ రూమ్ తాళాల డూప్లికేట్ సెట్టు ఇంకో బ్రాంచీలో ఉంటుందని ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఆ పనే ఇంట్లో చేశాం. మొదట నాన్నగారి ఫోల్డరు మొత్తం, ఫాంట్లు, పేజ్‌మేకర్ ఇన్‌స్టాల్ ఫైళ్లతో సహా, బయటి హార్డ్‌డిస్కులోకి ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లోకి ఇంకో కాపీ. కాపీ అయిందనుకోవడం వేరు, తెరిచి చూసుకోవడం వేరు కాబట్టి నాలుగైదు అధ్యాయాలు తెరిచి చూశాం. తర్వాత రికవరీ కీని కాగితం మీద ప్రింటు తీసి ఇంటి దస్తావేజుల ఫైల్లో పెట్టాం. ఆ తర్వాతే డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆపాం. అది పూర్తవడానికి గంటకు పైగా పట్టింది, మధ్యలో ఛార్జరు తీయకూడదు. ఎన్‌క్రిప్షన్ ఆపితే ల్యాప్‌టాప్ పోయినప్పుడు లోపలి ఫైళ్లు ఎవరైనా చదవగలరు. అందుకే రోజూ రైల్లో తిరిగే ల్యాప్‌టాప్‌కు ఈ పని నేను సలహా ఇవ్వను. మాది ఇల్లు కదలదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఇదంతా సొంత కంప్యూటరు సంగతి. బ్యాంకు ఇచ్చిన ల్యాప్‌టాప్ మీద పెన్‌డ్రైవ్ పెట్టి ఈ ప్రయోగం చేస్తే తర్వాత వచ్చే మెమోకు జవాబు ఈ వ్యాసంలో ఉండదు.

నాలుగో శనివారం

రెండు వారాల తర్వాత మళ్లీ కూర్చున్నాం. విండోస్‌లో రెండు పనులు మిగిలాయి. కంట్రోల్ ప్యానెల్లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేశాం. అది ఉంటే మనం షట్‌డౌన్ చేసినా విండోస్ నిజంగా పడుకోదు, సగం కన్ను తెరిచి ఉంటుంది. అప్పుడు లినక్స్ నుంచి దాని ఫైళ్లు ముట్టుకోవడం ప్రమాదం. రెండోది స్థలం ఇవ్వడం. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి, ష్రింక్ వాల్యూమ్ ఎంచుకుంటే ఎంత తగ్గించాలో ఎంబీల్లో అడుగుతుంది. లినక్స్‌కు 120 జీబీ ఇద్దామనుకున్నాం, 1024తో గుణించి 1,22,880 అని కొట్టాం. లినక్స్ మింట్ 20 జీబీలో ఇమిడిపోతుంది గానీ 100 జీబీ ఉంటే మంచిదని వాళ్లే చెబుతారు. ఇంకో 50 జీబీ తీసి ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసి 'ఉమ్మడి' అని పేరు పెట్టాం. లినక్స్ తన గదికి వాడే పద్ధతిని విండోస్ చదవలేదు. ఈ ఉమ్మడి గదిలోకి మాత్రం ఇద్దరూ రావచ్చు, పోవచ్చు. స్థలం తగ్గించే పని విండోస్ చేతే చేయించాలి. ఆ ఇంటి గోడలు ఎక్కడున్నాయో దానికే బాగా తెలుసు.

లినక్స్‌లో రకాలు చాలా. ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో మొదలుపెట్టిన కెర్నెల్ మీద ఎవరికి నచ్చినట్టు వారు కట్టుకున్న ఇళ్లవి. మన దేశంలో సీడ్యాక్ వారి బాస్ లినక్స్ ఉంది, తెలుగు సహా భారతీయ భాషల్లో పనిచేస్తుంది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. మేము మింట్ 22 తీసుకున్నాం. చూడ్డానికి విండోస్ పోలిక, 2029 వరకు మద్దతు. డెబ్బై ఆరేళ్ల మనిషికి స్టార్ట్ బటను ఎడమ వైపు కింద ఉండటం చిన్న విషయం కాదు.

ఉచితంగా దిగే ఆ ఫైలు దాదాపు 3 జీబీ. దిగాక దాని చెక్‌సమ్ సరిచూడాలి. వాళ్ల పేజీలో ఇచ్చిన పొడవాటి అంకెల, అక్షరాల వరుస, మన దగ్గర వచ్చిన వరుస ఒకటేనా అని చూడటం. చెక్కు మీద సంతకాన్ని స్పెసిమెన్‌తో పోల్చినట్టే. తర్వాత రూఫస్ అనే చిన్న ప్రోగ్రాముతో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించాం. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది కాబట్టి పెళ్లి ఫొటోలున్నది తీసుకోకండి.

పెన్‌డ్రైవ్ నుంచి తెరిస్తే మింట్ వెంటనే డిస్కు మీద చెయ్యి వేయదు. ముందు వాడి చూడొచ్చు. ఇది పెళ్లిచూపులు అనుకోండి. వైఫై కలుస్తోందా, స్పీకర్లు పలుకుతున్నాయా, ప్రింటరు కనపడుతోందా, మూత వేస్తే నిద్రపోయి తీస్తే లేస్తోందా అన్నీ అప్పుడే చూసుకోవాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే అంతా నడిచింది. నేను మొదటిసారి చేసిన తిప్పలు అసలు అక్కర్లేనివే.

ఇన్‌స్టాల్ మొదలుపెట్టాక ఒక్క తెర దగ్గర మాత్రం ఫోను పక్కన పెట్టి, ఇద్దరు మనుషులు కలిసి చదవాలి. విండోస్ పక్కనే ఇన్‌స్టాల్ చేయాలా, డిస్కు మొత్తం చెరిపేసి ఇన్‌స్టాల్ చేయాలా, ఇంకేదైనానా అని అడుగుతుంది. రెండోది నొక్కి, సరే అంటే విండోస్ ఉండదు. విండోస్ పక్కనే అన్న మాట అసలు కనపడకపోతే ముందుకు వెళ్లకండి, అది విండోస్‌ను గుర్తించలేదని అర్థం. మేము మూడోది ఎంచుకున్నాం, ఎందుకంటే ఖాళీ చేసిన 120 జీబీలోనే పెట్టమని మా చేత్తో చూపించాలనుకున్నాం. అమ్మాయి చదివింది, నేను సరిచూశాను. మేకర్, చెకర్. అరగంటలో అయిపోయింది.

మళ్లీ స్విచ్ వేయగానే గ్రబ్ జాబితా వచ్చింది: పైన లినక్స్ మింట్, కింద విండోస్. పది సెకన్లలో ఏదీ నొక్కకపోతే పైది తెరుచుకుంటుంది. నాన్నగారు విండోస్‌లోకి వెళ్లి ముందు తన పుస్తకం తెరిచారు. మొదటి పేజీ, చివరి పేజీ చూశారు. "ఉంది" అన్నారు.

అయిదున్నర గంటల తేడా

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి నాన్నగారు విండోస్ తెరిస్తే గడియారం తెల్లవారుజాము మూడున్నర చూపించింది. కంప్యూటరు పాడైపోయిందని ఆయన తీర్మానం. కారణం చిన్నది. మదర్‌బోర్డు మీద బ్యాటరీతో నడిచే ఒక గడియారం ఉంటుంది. విండోస్ దాంట్లో మన స్థానిక సమయం పెడుతుంది. లినక్స్ అంతర్జాతీయ ప్రామాణిక సమయం పెట్టి, చూపించేటప్పుడు అయిదున్నర గంటలు కలుపుకుంటుంది. లినక్స్ పెట్టిన సమయాన్ని విండోస్ మన సమయమే అనుకుంది, అంతే. లినక్స్‌లో తేదీ, సమయాల ఆదేశం ఒకటి ఇచ్చి, నువ్వు కూడా స్థానిక సమయమే పెట్టు అని చెబితే తీరిపోయింది. తెలియకపోతే మాత్రం రోజూ గడియారం తిప్పుకుంటూ ఉంటారు. సమయాన్ని బట్టి అంకెలు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్‌లు కూడా ఇలాంటప్పుడు తప్పు అంకెలు ఇస్తాయి.

ఇంకొకటి గుర్తుంచుకోండి. పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత ఎప్పుడైనా గ్రబ్ కనపడకుండా నేరుగా విండోస్ రావచ్చు. 2024 ఆగస్టులో వచ్చిన అప్‌డేట్ ఒకటి చాలామంది లినక్స్ తెరుచుకోకుండా చేసి, ప్రపంచమంతా గగ్గోలు పుట్టించింది. ఆ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌ను పారేయకుండా డ్రాయరులో పెట్టుకుంటే బాగుచేయడం తేలిక. లినక్స్ వద్దనుకున్న రోజున కూడా దాని గదిని నేరుగా చెరిపేయకండి. ముందు సెటప్ స్క్రీన్లో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటి వరుసలోకి తెచ్చాకే ఆ పని.

ఇప్పుడు మా ఇంట్లో పని ఇలా పంచాం. బ్యాంకు, పెన్షను, ఈమెయిలు, యూట్యూబ్ ప్రవచనాలు అన్నీ లినక్స్‌లో. విండోస్‌లో వైఫై మామూలుగా ఆపేసి ఉంటుంది, అప్‌డేట్లు తీసుకునేటప్పుడు నేనే ఆన్ చేస్తాను. అక్కడ పేజ్‌మేకర్, పుస్తకం, అంతే.

అయితే ఆ పుస్తకం ఎన్నాళ్లు అక్కడ ఉంటుంది? యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, మన డీటీపీ ప్రపంచం చాలాకాలం దానికి ముందరి పద్ధతిలోనే నడిచింది. ఆ ఫైళ్లలో ఉన్నది నిజానికి తెలుగు అక్షరాలు కావు, వేరే సంకేతాలు. ఆ ఫాంటు ఉంటేనే తెలుగులా కనిపిస్తాయి, లేకపోతే అర్థంలేని గుర్తులు. మా అమ్మాయి ఒక అధ్యాయాన్ని యూనికోడ్‌లోకి మార్చి, ఉమ్మడి గదిలో పెట్టి, లినక్స్‌లో లిబ్రే ఆఫీస్‌లో తెరిచింది. పోతన ఫాంటు పెట్టింది. నాన్నగారు చాలాసేపు చూశారు. "నేను దీంట్లో టైపు చేయలేను కదమ్మా, నా వేళ్లకు ఆ కీబోర్డే అలవాటు" అన్నారు.

దానికీ దారి ఉంది. లినక్స్‌లో ఐబస్ అనే ఏర్పాటుకు ఎం సెవెంటీన్ ఎన్ అనే పొది కలిపితే తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఆపిల్ కీబోర్డు వరుస కూడా వస్తుంది. అను ఫాంట్లతో నాన్నగారు ఇరవై ఏళ్లు వాడింది ఆ ఆపిల్ వరుసే. అమ్మాయి పెట్టి ఇచ్చింది. ఆయన మా ఊరి పేరు కొట్టారు, వచ్చింది. అమ్మ పేరు కొట్టారు, వచ్చింది.

మార్చిన అధ్యాయంలో ఒత్తులు కొన్ని జారిపోయాయి, అరసున్నలు కొన్ని ఎగిరిపోయాయి. పదిహేను పేజీలు ప్రూఫ్ చూడటానికి నాన్నగారికి నాలుగు రోజులు పట్టింది. "మీ కంప్యూటరు మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లల్లా రాసింది" అని ఎర్రపెన్నుతో గీతలు పెట్టి మనవరాలికి ఇచ్చారు. ఆదివారం పక్షుల్ని చూసి వచ్చాక ఇద్దరూ రెండో అధ్యాయం మొదలుపెట్టారు. కింది బాణం నొక్కి విండోస్‌లోకి వెళ్లడం, ఫైలు ఉమ్మడి గదిలో పెట్టి మళ్లీ లినక్స్‌లోకి రావడం ఇప్పుడు ఆయనే చేస్తున్నారు. ఇంకా ఇరవై ఆరు అధ్యాయాలు ఉన్నాయి.